కీబోర్డు మీద చెయ్యి లేని పని

పోలిక అనే మాటను నేను చాలా గౌరవంగా వాడతాను. రెండింటిని పోల్చాలంటే ముందు కొలతను నిర్వచించాలి, తరవాత కొలవాలి, నోరు విప్పడం ఆ తరవాతే. ఈ క్రమాన్ని పొల్లుపోకుండా పాటించి, ఒక పెద్దమనిషి ఉద్యోగాన్ని నేను ఎలా ఊడగొట్టబోయానో ఇక్కడ రాస్తున్నాను.

నేను పనిచేసేది రక్తపరీక్షల ల్యాబులో. హన్మకొండలో పెద్దది, వర్ధన్నపేటలో ఒకటి, తొర్రూరులో ఒకటి. యజమాని స్వయంగా పాథాలజిస్టు. అందరం డాక్టరమ్మ అంటాం. మూడు ల్యాబులనూ ఆమె ముగ్గురు వేరు వేరు మనుషుల దగ్గర కొన్నారు. కొన్నప్పుడు గోడలతో పాటు బల్లలు వచ్చాయి, బల్లలతో పాటు కంప్యూటర్లు వచ్చాయి, కంప్యూటర్లలో మూడు రకాల డేటాబేసులు వచ్చాయి. ఆ మూడింటి మంచిచెడ్డలకు పెద్దదిక్కును నేను.

మూడూ రిలేషనల్ జాతివే. అంటే సమాచారాన్ని పట్టికలుగా దాచి, ఒక పట్టికకూ మరో పట్టికకూ చుట్టరికం కలిపే రకం. ఒక చోట రోగి పేరు, ఒక చోట ఇచ్చిన నమూనా, ఒక చోట దాని ఫలితం. ఈ చుట్టరికం తెగిందంటే ఒకరి షుగరు మరొకరి ఒంట్లోకి పోతుంది. అది తెగకుండా, డిస్కు నిండకుండా, నడక ఆగకుండా, ఒకవేళ అంతా పోయినా మళ్ళీ తెచ్చుకోగలిగేలా చూసుకోవడాన్ని అడ్మినిస్ట్రేషన్ అంటారు.

డేటాబేసుల అసలు పేర్లు మా దగ్గర ఎవరూ పలకరు. హన్మకొండది దొర. ఏటా లైసెన్సు కట్టించుకుంటుంది, దాని మాన్యువళ్ళకు ఒక బీరువా కావాలి, ఏ పని చెప్పినా ముందు ఎవరి అనుమతితో అని అడుగుతుంది. వర్ధన్నపేటది ఏనుగు, దాని గుర్తే అది. తొర్రూరుది చేప. దాని గుర్తు నిజానికి డాల్ఫిన్. డాల్ఫిన్ క్షీరదం, చేప కాదు. ఈ సంగతిని తొర్రూరులో రెండుసార్లు వివరించాను. రెండోసారి వివరించినప్పుడు దాన్ని చూసుకునే పెద్దమనిషి ఓపికగా విన్నారు.

"నీళ్ళల్ల ఉంటదా, ఉండదా?"

"ఉంటది."

"మరి గంతే గద బిడ్డా."

ఆయన అందరికీ కాక వరస. యాభై ఎనిమిదేళ్ళు. డిగ్రీ లేదు. మొదట ఆ ల్యాబులో జనరేటరు చూసుకునేవారు. జనరేటరు పక్క గదిలో కంప్యూటరు ఉండటం వల్ల ఆయన ఎదుగుదల ఒక తలుపు దూరమే అయింది. ఇంట్లో భార్యకు కిరాణం కొట్టు ఉంది, బాగా నడిచే కొట్టు. అందులో కూర్చోకుండా తప్పించుకోవడానికే ఆయన ముప్ఫై ఏళ్ళుగా ఏదో ఒక ఉద్యోగం చేస్తూ వస్తున్నారు.

"ల్యాబుల నేను కాకను బిడ్డా. కొట్టుల నౌకర్ను. చింతపండు జోకినవా, డబ్బకు మూత పెట్టినవా అని పొద్దుందాక ఒకటే లొల్లి. నీ దొర నయం, తప్పు చేస్తే నంబరేసి చెప్తడు. మా ఇంటామె ఉత్తగనే మొకం దిక్కు చూస్తది."

ఒక ఏడాది వానాకాలం చివర్లో డాక్టరమ్మ మమ్మల్ని హన్మకొండకు పిలిచారు. మమ్మల్ని అంటే ముగ్గురిని: నేను, కాక, వర్ధన్నపేటలో ఏనుగును చూసుకునే సహోద్యోగి. ఆమె నాకన్నా అయిదేళ్ళు చిన్నది, నన్ను అక్కా అంటుంది కాబట్టి నేను చెల్లె అంటాను.

"మూడెందుకు? ఒకటి చాలు," అన్నారు డాక్టరమ్మ. "ఏది తక్కువ పని పెడ్తదో అది ఉంచుదాం. మిగిలిన రెండు తీసేద్దాం. అప్పుడు మనుషులు గూడ ముగ్గురెందుకు, ఇద్దరు చాల్తరు. నువ్వు లెక్కగట్టి చెప్పు."

చివరి మాట నన్ను ఉద్దేశించి. చెల్లె నా వైపు చూసింది. నేను చెల్లె వైపు చూశాను. మా ఇద్దరికీ డిగ్రీలున్నాయి. కాక ఫ్యాను వైపు చూశారు.

ఆ వారమే నిర్వచనం తయారుచేశాను. ఇప్పటికీ అది నాకు కంఠతా వచ్చు: పని అనగా, అడ్మినిస్ట్రేటరు చేతులు కీబోర్డు మీద ఉండగా, డేటాబేసు నిమిత్తం గడిచిన నిమిషాలు. ఇందులో ఆలోచన రాదు, ఎందుకంటే ఆలోచనకు మొదలూ చివరా దొరకవు. మాటలు రావు, ఎందుకంటే మాటల్లో సగం మనవరాళ్ళ గురించి ఉంటాయి. అట్టల రిజిస్టర్లు మూడు కొని, అయిదేసి గళ్ళు గీసి, మూడు ఊళ్ళకూ పంపాను. పది వారాలు ఎవరి డేటాబేసు లెక్క వారు రాయాలి.

నా రిజిస్టరును నేను ఎలా రాశానో చెప్పడానికి కొంచెం మొహమాటంగా ఉంది. రాయడానికి పట్టిన సమయాన్ని కూడా మొదట్లో రాసేదాన్ని. అది కీబోర్డు పని కాదు గనుక తరవాత కొట్టేసేదాన్ని. కొట్టేయడానికి పట్టిన సమయాన్ని ఏం చేయాలో పదో వారానికి కూడా తేల్చుకోలేకపోయాను.

చెల్లె రిజిస్టరులో ప్రతి పనీ అర్ధగంటే పట్టింది. లేదా గంట. లేదా గంటన్నర. ముప్ఫైతో భాగించబడని పని ఆ పది వారాల్లో వర్ధన్నపేటలో జరగలేదు.

"ఇది లెక్కనా ఏమన్ననా?" అని ఫోనులో అడిగాను.

"అక్కా, మధ్యల ఎవలో రిపోర్టు అడుగుతరు, మధ్యల బడి నుంచి పాప టీచరు ఫోన్ చేస్తది. నిమిషాలు ఏడ ఏరుకొని రావాలె? అర్ధగంటంటే అర్ధగంట. నువ్వు జర ఫికర్ చెయ్యకు."

కాక రిజిస్టరు మొదటి వారంలోనే నా దగ్గరికి వచ్చింది, ఆయనే బస్సులో తెచ్చారు. అందులో రోజుకు రెండే పద్దులు. 'ఫోను, నాలుగు నిమిషాలు.' 'నంబరు చూసుడు, ఒక నిమిషం.' ఫోను మాట్లాడేటప్పుడు చేతులు కీబోర్డు మీద ఉండవు. నిర్వచనం చదివి వినిపించి, ఎర్రపెన్నుతో ఆ ఫోన్లన్నీ కొట్టేశాను. కాక అభ్యంతరం చెప్పలేదు. "రాయొద్దంటే రాయను తియ్," అన్నారు. తరవాతి తొమ్మిది వారాలూ రోజుకు ఒకటే పద్దు, ఒకటే నిమిషం.

ఆ నంబరు ఏమిటో చెప్పాలి. చేపకు తొర్రూరులోనే ఇంకో కంప్యూటరు మీద ఒక నకలు ఉంటుంది. అసలులో ఏది మారినా నకలు చూసి రాసుకుంటూ పోతుంది. ఒక్కోసారి వెనకబడుతుంది, వెనకబడినట్టు ఎవరికీ చెప్పదు. ఎన్ని సెకన్లు వెనకబడిందో చూపే అంకె ఒకటుంది. కాక రోజూ చూసేది అదే.

దొర స్వభావం వేరు. తనలో జరిగిన ప్రతి మార్పునూ చిట్టా రాస్తుంది, చిట్టా నిండగానే దాన్ని ఒక అరలో భద్రపరుస్తుంది. ఆ అర నిండితే, ఖాళీ చేసేదాకా ల్యాబు మొత్తాన్ని నిలిపేస్తుంది. అందుకని ఆ అర సగం నిండినప్పుడు ఒక హెచ్చరిక, ముప్పావు నిండినప్పుడు ఒకటి, ఆ హెచ్చరికలు సరిగ్గా వస్తున్నాయో లేదో చెప్పడానికి ఇంకొకటి పెట్టుకున్నాను. ఇలాంటివి మిగతా విషయాల మీద కూడా పెట్టాను. అవన్నీ నాకే మెయిళ్ళుగా వచ్చేవి. వాటన్నిటినీ చదివేదాన్ని, చేతులు కీబోర్డు మీద ఉంచి.

ఏనుగుకు ఊడ్చే పని ఉంటుంది. ఒక వరుసను మారిస్తే పాతదాన్ని చెరపదు, పక్కకు పెట్టి కొత్తది రాస్తుంది. పాతవి పోగుపడతాయి. తనంతట తానే ఊడ్చుకుంటుంది గానీ జనం ఎక్కువైన రోజుల్లో చీపురు వెనకబడుతుంది. అప్పుడు మనిషి కూర్చుని ఊడ్పించాలి. అర్ధగంట.

పది వారాల తరవాత మొత్తాలు కట్టాను. దొర అందరికన్నా బరువు, ఏనుగు అందులో సగం, చేప బరువు పది వారాలూ కలిపి ఒక్క పూట కూడా లేదు. డాక్టరమ్మ గదిలో తెర మీద మూడు గీతలు చూపించాను. చేప గీత కనిపించడానికి లేచి దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది.

కాక మొహం వెలిగిపోయింది. చెప్పకుండా కిందికి దిగి, మెట్ల దగ్గరి బండి మీద మిర్చి బజ్జీలు కట్టించుకొని వచ్చి అందరికీ పంచారు.

"అయితే చేపే," అన్నారు డాక్టరమ్మ బజ్జీ కొరుకుతూ. నమిలి, మింగి, నా వైపు తిరిగారు. "పది వారాలకు ఒక్క పూట పని. దానికి నెల పొడుగూత ఒక మనిషెందుకు? ఈడికెల్లి నువ్వే చూస్కో. కాకను ఈ నెలాఖరుకు మర్యాదగ, శాలువ గప్పి పంపిద్దాం."

కాక బజ్జీల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టారు.

మెట్లు దిగేటప్పుడు కాక నా పక్కన నడిచారు.

"నేను గెల్చిననా ఓడిననా బిడ్డా? సమజైతలేదు."

"చేప గెలిచింది కాకా."

"చేప సంగతి కాదు, నా సంగతి."

నేను మెట్లు లెక్కపెడుతూ దిగాను.

"చేపకు పని ఎక్కువుంటే చేపను తీసి నన్ను పంపుతురు. తక్కువుంటే చేపను ఉంచి నన్ను పంపుతాండ్రు. మంచిగ కట్టినవ్ లెక్క." రెండు మెట్లు దిగి ఆగారు. "ఒక్క పని చెయ్. శాలువ ఎర్రది గాకుండ చూడు. ఎర్రదైతె మా ఇంటామె కొట్టు ముంగట జెండ కడ్తది, వచ్చిండని."

నవ్వుతూనే అన్నారు. బస్టాండు దాకా నవ్వు మొహంతోనే వెళ్ళారు. నాకు మిగిలిన బజ్జీ తినబుద్ధి కాలేదు. తప్పు ఏదో జరిగిందని తెలుసు, కానీ కూడికలో లేదు. మూడుసార్లు సరిచూశాను. మర్నాడు పొద్దున మూడు రిజిస్టర్లూ చంకన పెట్టుకొని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను.

"ఈ లెక్క మీద నాకు నమ్మకం తగ్గింది మేడం. ఎందుకో చెప్పలేను."

ఆమె మైక్రోస్కోపు నుంచి తల ఎత్తలేదు. "మన దగ్గరికి కొత్తయి మూడు మిషన్లు వచ్చినయనుకో. ఏది మంచిదో ఎట్ల చూస్తం?"

"ఒకే నమూనాను మూడింటి మీద పెట్టి."

"మరి నువ్వేం చేసినవ్? ఒక్కో మిషన్ మీద ఒక్కో మనిషి రక్తం పెట్టినవ్. ఒగలకు షుగర్ తక్కువ చూపెట్టిందని మిషన్ను మెచ్చుకున్నవ్."

పద్దెనిమిదేళ్ళ నా సాంకేతిక అనుభవానికి ఇంతకన్నా సంక్షిప్తమైన సమీక్ష రాలేదు.

"నిన్న మీరు గూడ ఒప్పుకున్నరు గద మేడం," అన్నాను.

"నిన్న నేను బజ్జీ తింటాన్న," అని స్లైడు మార్చారు. "ఇంకో నెల ఇస్త. మనుషుల్ని మార్చి చూడు. నీ చేతిల గూడ చేప గంత తేలికగనే నడిస్తే కాకను పంపుడే. అప్పుడు మల్ల నా దగ్గరికి రావద్దు."

చెల్లెకు పాప బడి ఉంది, వర్ధన్నపేట వదలదు. అందుకని ఏనుగును కదిలించలేదు. ల్యాబు భాషలో దాన్ని కంట్రోలుగా, అంటే మిగతావాటిని పోల్చిచూసే గీటురాయిగా, ఉంచాం. నేను తొర్రూరు చేప దగ్గరికి, కాక హన్మకొండ దొర దగ్గరికి. అప్పగింతల రోజు కాక తన పని మొత్తం ఒక ఊపిరిలో చెప్పారు.

"పొద్దుగాల తొమ్మిదింటికి ఒక ఫోను. ఎన్క ఒక నంబరు. ఎన్క చాయ్."

"ఫోను ఎవరికి?"

"మార్కెట్ ముంగట హోటలాయనకు."

చాయ్ చెప్పడానికని అర్థం చేసుకున్నాను. నేను చాయ్ తాగను. ఆ పద్దు వదిలేశాను.

నా అప్పగింతకు ఒక పూట పట్టింది. నలభై పేజీలు అచ్చు తీసి ఇచ్చాను. కాక వాటిని అరచేతిలో తూచి చూశారు. "దొరకు జాతకం మంచిగ రాసినవ్," అన్నారు.

తొర్రూరులో మొదటి రెండు వారాలు తుపాను ముసురు. తడి పత్తిని ఎవరూ కొనరు, మార్కెట్టు మూసి ఉంది, ల్యాబు హాలులో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఆ ఖాళీలో చేపకు కూడా హెచ్చరికలన్నీ బిగించాను. అది నోరు లేని జీవి. దానికి నోరు పెట్టాను. రోజంతా మెయిళ్ళు రావడం మొదలైంది. చదివేదాన్ని, రిజిస్టరులో రాసేదాన్ని. రెండో వారం చివరికి నా ఒక్కదాని చేతిలో చేప బరువు, కాక రాసిన పది వారాల మొత్తాన్ని ఎప్పుడో దాటింది. కాకకే అది మేలు, కానీ నాకు ఆ ఆలోచన రాలేదు. చేప లోపలి అమరిక నచ్చక చిరాకుగా ఉన్నాను. ఫలితాల పట్టికలో ఒక గడి తక్కువగా ఉంది. చేర్చాలి.

నకలు మీద చేర్చి చూశాను: పదకొండు నిమిషాలు. రెండు వారాల రద్దీ గీత చూశాను: మంగళవారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు హాలు అడుగంటుతుంది. మంగళవారం వచ్చింది. ఎండ కూడా వచ్చింది. పన్నెండుకు ఆదేశం ఇచ్చాను.

ఇటువంటి ఆదేశం అందుకున్న చేప, పట్టికను అప్పటికే చదువుతున్న వాళ్ళు ముగించేదాకా ఆగుతుంది. అంతవరకు సబబే. కానీ అలా ఆగి ఉన్నంతసేపూ కొత్తగా వచ్చిన వాళ్ళెవరినీ లోపలికి పోనివ్వదు. రేషను షాపు వరుసలో ముందు నిలబడి, వెనక వాళ్ళ మొహాన తలుపు వేసినట్టు ఉంటుంది. ఆ సమయానికి ఎవరో నెల మొత్తం రిపోర్టును తెరిచి భోజనానికి వెళ్ళారు. నా ఆదేశం ఆ రిపోర్టు వెనక నిలబడింది. తొర్రూరు నా ఆదేశం వెనక నిలబడింది.

తొర్రూరు అని ఊరికే అనడం లేదు. హాలులోకి వచ్చి చూస్తే కుర్చీలు నిండి, గోడ వెంట నిండి, మెట్ల మీద కూడా జనం. రిసెప్షను అమ్మాయి నన్ను చూడగానే లేచింది.

"మేడం, మీరేమన్న ముట్టిన్రా?"

కిటికీ పక్క కూర్చున్న ఒక అవ్వ చీటీ ఊపింది. "ఏం బిడ్డా, నా రక్తం దొర్కుతలేదా?"

"దొరుకుతది అవ్వా. కంప్యూటర్ ఆగింది."

"రక్తం నాదాయె, ఆగుడు మీదాయె! నా ఆటో పోతాంది."

కాకకు ఫోను చేశాను. జరిగింది వరుసగా చెప్పబోయాను. ఆయన మధ్యలోనే ఆపారు.

"బండ్లు ఏడిదాక ఉన్నయ్?"

"ఏం బండ్లు?"

"కిటికీల నుంచి చూడు బిడ్డా."

చూశాను. మార్కెట్టు గేటు నుంచి పత్తి ట్రాక్టర్లు, ట్రాలీలు, ఆటోలు రోడ్డు పొడుగునా నిలబడి ఉన్నాయి. వరుస పెట్రోలు బంకు దాటిపోయింది.

"బంకు దాటింది," అన్నాను.

"అబ్బ! ముసురు బంద్ అయ్యి ఇయ్యాల పత్తి కాంట మొదలైంది. బండి దించినోళ్ళు ఊరికి పోయేముందు షుగర్ చూపెట్టుకొనే పోతరు, మల్ల ఎప్పుడు వత్తరు? వరుస గేటు పక్క మోరీ కాడిదాక ఉంటె నీ ఇష్టమున్నంత సేపు పని చేస్కో. బంకు దాటితె ఆ దినం చేపను ముట్టద్దు. హోటలాయన పొద్దుగాల గదే చెప్తడు."

యంత్రం ఎప్పుడెంత బరువు మోస్తుందో అంచనా కట్టే ఆయన సామర్థ్య ప్రణాళికకు కొలమానం పెట్రోలు బంకు.

"ఇంత పెద్ద సంగతి రిజిస్టర్ల రాయాలె గద కాకా!"

"రాసిన. నువ్వు ఎర్రపెన్నుతోని కొట్టేసినవ్."

నేను సారీ చెప్పబోయాను.

"గది ఎన్క మాట్లాడుకుందాం," అన్నారు కాక. "ముందుగాల నీ కమాండ్‌ను నువ్వే సంపుకో. అడ్డముంది గదొక్కటే. మిగిలినయి వాటికవే కదుల్తయ్."

నా ఆదేశాన్ని నా చేత్తోనే రద్దు చేశాను. వరుసగా ప్రింటర్లు మోగాయి. అవ్వ కాగితం తీసుకొని, ఫలితం చూసుకొని, ఇంకో చూపు నా మీద వేసి ఆటో వైపు పరుగెత్తింది.

హన్మకొండలో కాక ఏం చేశారో నెల చివర్లో తెలిసింది. మొదటి రోజు ఆయన ఒక ప్రశ్న అడిగారట.

"ఈ మెయిళ్ళన్ని ఎవలకు వత్తయ్?"

"మేడంకు," అన్నారట అక్కడి వాళ్ళు, నన్ను ఉద్దేశించి.

"ఎవలు పంపుతాండ్రు?"

"మేడమే."

ఆయన చాలాసేపు ఆలోచించి, అన్నీ ఆపేశారు. నాలుగు వారాలు దొర దగ్గర ఆయన కీబోర్డు మీద గడిపింది నేను గడిపే సమయంలో పదో వంతు లేదు. మిగతా సమయంలో శాంపిళ్ళు తీసే వాళ్ళతో, రిపోర్టులు రాసే వాళ్ళతో కబుర్లు చెప్పారు. మధ్యాహ్నం రెండు తరవాత స్క్రీను నెమ్మదిస్తుందని అంతకుముందు నాకెవరూ చెప్పలేదు, ఆయనకు ముగ్గురు చెప్పారు.

అయితే న్యాయంగా ఇంకో మాట కూడా రాయాలి. ఆయన ఆపేసిన మెయిళ్ళలో చిట్టాల అర హెచ్చరిక కూడా ఉంది. నేను తిరిగి వచ్చిన రోజు చూస్తే ఆ అరలో వేలు పెట్టే సందు లేదు. ఇంకో రెండు గంటలు గడిస్తే దొర హన్మకొండను నిలిపేసేది.

"నిండుతదని నాకెవలు చెప్పిన్రు?" అన్నారు కాక, నిజంగానే కంగారుపడి.

"మెయిల్ చెప్తుండె కాకా."

"గన్ని మెయిళ్ళల్ల గదొక్కటి నిజమని ఎట్ల తెలుస్తది?"

నేను కూర్చుని ఆ అర ఖాళీ చేయడం మొదలుపెట్టాను.

నెల చివరి రోజు ముగ్గురం మళ్ళీ డాక్టరమ్మ గదిలో కూర్చున్నాం. ఈసారి బజ్జీలు లేవు. గీతలు చూపించాను. కాక చేతిలో దొర తేలికైంది, నా చేతిలో చేప బరువైంది, కదలని ఏనుగు మాత్రం ఎప్పటిలాగే అర్ధగంటల్లో నడిచింది.

"అంటే పనెక్కువ దొరది గాదు," అన్నారు డాక్టరమ్మ.

"కాదు మేడం."

"మరెవలది?"

"నిర్వచనాన్ని కొంచెం సవరించి చూస్తే..."

"నీది," అన్నారు ఆమె, దయగానే.

చెల్లె దగ్గు వచ్చినట్టు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

అప్పుడు నేను అనుకున్నదంతా చెప్పాను. మూడింటికీ తేడా లేకపోలేదు. దొర పని ముందే అడుగుతుంది, గట్టిగా అడుగుతుంది, అడిగినప్పుడు చేయకపోతే అన్నీ నిలిపేస్తుంది. ఏనుగు మెల్లగా అడుగుతుంది. ఇవాళ కాకపోతే ఎల్లుండి ఊడ్చినా ఊరుకుంటుంది, నెల దాటితే ఊరుకోదు. చేప అడగనే అడగదు. అందుకే దానికి పని లేదనుకున్నాం. అది అడగని పనిని తొర్రూరులో ఒక మనిషి రోజూ నాలుగు నిమిషాలు ఫోను మీద చేస్తున్నాడు, దాన్ని నేనే కొట్టేశాను. రిజిస్టరు తెరిచి ఆ ఎర్రగీతలు చూపించాను. ఇటువంటి మాటలు వరుసగా చెప్పడం నాకు చేతనవుతుంది గానీ, ఆ రోజు వరుస రెండుసార్లు తప్పింది.

డాక్టరమ్మ ఆ ఎర్రగీతల మీద వేలు పెట్టి చదివారు. "మిషన్ సప్పుడు చెయ్యకుండ నడుస్తాందంటె టెక్నీషియన్ పని చేస్తాన్నట్టే. నేను మర్సిన," అన్నారు. తరవాత కాక వైపు తిరిగారు. "నెల పొడుగూత ఏం చేస్తవ్ కాకా, నిజం చెప్పు."

"ఏం గాకుండ చూస్త మేడం."

"ఏమన్న అయితే?"

"ఏం గాలేదు గద."

ఏనుగునే ఉంచాలని ఆమె తేల్చారు. మూడింటిలో వాయిదాకు ఒప్పుకునేది అదే, మా ల్యాబుల్లో పత్తి బండ్లకు వాయిదా లేదు. చెల్లెకు నెగ్గినంత సంబరం. ఇద్దరు చాలన్న మాట మాత్రం మిగిలింది. అప్పుడు నేను మరో లెక్క బయటికి తీశాను: దొరలోని పట్టికలనూ చేపలోని పట్టికలనూ ఏనుగులోకి తేవడానికి పట్టే పని. పని తగ్గించడానికి చేయాల్సిన పని. ముగ్గురికీ ఏడాదికి తక్కువ పట్టదు. ఈ లెక్కను పెంచి రాయలేదని ప్రమాణం చేయగలను. తగ్గించే ప్రయత్నం కూడా చేయలేదు.

"ఏడాది తర్వాత?" అన్నారు డాక్టరమ్మ.

"అప్పుడు గూడ ఎట్ల చెయ్యాలనేది నేను, చెల్లె చూస్తం. ఎప్పుడు చెయ్యాలనేది కాక చెప్పాలె. అది మా ఇద్దరికి రాదు మేడం."

ఆమె బల్ల సొరుగు లాగి ఒక పొట్లం తీశారు. "శాలువ నిన్ననే తెప్పిచ్చిన," అన్నారు.

"ఏం రంగు?" అని కాక అడిగారు.

"ఆకుపచ్చ."

"ఏసీ గదిల కప్పుకుంట తియ్యుండ్రి. అక్కడ మస్తు సలి."

అప్పటి నుంచి మూడు ఊళ్ళలో ఎక్కడ పట్టికను ముట్టాలన్నా నేను కాకకు ఫోను చేసి రోజు అడుగుతాను. ఒక్కోసారి వెంటనే చెబుతారు. ఒక్కోసారి "జర ఆగు" అని రెండు రోజులు ఆపుతారు. కారణం అడిగితే కొన్ని కారణాలు నమ్మేలా ఉంటాయి, కొన్ని నన్ను ఆపి చూద్దామనే సరదాలా ఉంటాయి. ఏది ఏదో తేల్చే పద్ధతి ఇంకా దొరకలేదు, ఎందుకంటే ఆయన చెప్పిన రోజున ఇంతవరకు ఏ ఇబ్బందీ రాలేదు.

ఏడాది నిండాక అందరికీ పనితీరు ఫారాలు వచ్చాయి. కాకకు పైఅధికారిని నేనే గనుక ఆయన ఫారం ముందు నా బల్ల మీదికి వచ్చింది. 'ఈ ఏడు చేసిన పనులు' అన్న గడిలో ఏమీ లేదు. ఫోను చేశాను.

"ఇది ఖాళీగ పెట్టొద్దు కాకా. ఏం రాయమంటవ్?"

"ఏం గాలేదని రాయి."

అదే రాసి సంతకం పెట్టాను. డాక్టరమ్మ చదివి, కింద తన సంతకం పెట్టి, ఒక ఏడాది పొడిగింపు అని రాశారు. నా ఫారానికి నేను నాలుగు అదనపు కాగితాలు జతచేశాను. అది వెనక్కి వచ్చింది. మూడు కాగితాలు తీసేయమని ఉంది. ఏ మూడో రాయలేదు.